ముద్ద దిగనప్పుడు చూస్తే ఆలస్యమే

కడుపు క్యాన్సర్ వచ్చాక ఐదేళ్లు దాటి బతికేవాళ్లు దక్షిణ కొరియాలో వందకు దాదాపు 69 మంది, జపాన్‌లో 60. అమెరికాలో 33, బ్రిటన్‌లో అయితే 21 మందే. 2010-14 మధ్య జబ్బు బయటపడినవాళ్ల లెక్కలివి, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అన్నీ డబ్బున్న దేశాలే, కీమో మందులూ సర్జన్లూ అన్నిచోట్లా ఉన్నవే. మరి ఇంత తేడా ఏంటి?

కొరియాలో 40 దాటితే చాలు, ఒంట్లో ఏ బాధా లేకపోయినా రెండేళ్లకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్ష చేయిస్తుంది. జపాన్ 1983 నుంచే బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తోంది, 2016లో 50 దాటినవాళ్లకు ఎండోస్కోపీ కూడా చేర్చింది. గడ్డ ఇంకా లోపలి పొరలోనే ఉండగా దొరికితే పొట్ట కోయక్కర్లేదు, ఎండోస్కోపీ గొట్టంలోంచే గీకి తీసేస్తారు.

ఇందులో కొంత లెక్కల మాయ కూడా ఉందనేది నిజమే. ముందే కనిపెడితే, పోయే రోజు మారకపోయినా బతికిన ఏళ్లు పెరిగినట్టు కనిపిస్తుంది. పైగా హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే కడుపులో చేరే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వల్ల ఆ రెండు దేశాల్లో ఈ జబ్బే ఎక్కువ, కాబట్టి అందరికీ పరీక్ష చేసినా గిట్టుబాటవుతుంది. బ్రిటన్‌లో అలా కుదరదు, సరే. కానీ ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి స్క్రీనింగ్ లేదు, అయినా అక్కడ 32 మంది బతుకుతున్నారే!

అసలు చిక్కు బ్రిటన్‌లో జీపీ (ముందుగా వెళ్లే ఫ్యామిలీ డాక్టర్) గుమ్మం దగ్గరే ఉందని మా అభిప్రాయం. (అక్కడున్న మనవాళ్లను అడగండి, అపాయింట్‌మెంట్ కథలు చెబుతారు.) అవే లక్షణాలతో వచ్చిన పేషెంటును మొదటిసారే టెస్టుకు పంపే డాక్టర్లున్న దేశాల్లో ఎక్కువమంది బతుకుతున్నారని 2015లో ఓ అంతర్జాతీయ సర్వే తేల్చింది, అందులో బ్రిటన్ డాక్టర్లు వెనకబడే ఉన్నారు. ముద్ద దిగడం లేదంటే అర్జెంటుగా ఎండోస్కోపీకి పంపాలని అక్కడ రూలుంది. గుండెల్లో మంట అంటే మాత్రం ముందు మాత్రలే. ముద్ద అడ్డం పడేసరికి అన్నవాహికలో గడ్డ చాలావరకు లోతుకు పాకేసి ఉంటుంది. అన్నవాహిక క్యాన్సర్‌లో జపాన్‌లో 36 మంది గట్టెక్కుతుంటే బ్రిటన్‌లో 16 మందే.

కేంబ్రిడ్జ్‌వాళ్లే దారానికి కట్టిన స్పాంజ్ క్యాప్సూల్ కనిపెట్టారు. మింగితే కడుపులో కరిగి స్పాంజ్ విచ్చుకుంటుంది, పైకి లాగితే పరీక్షకు కావాల్సిన అన్నవాహిక కణాలు అంటుకొస్తాయి, ఈ పనికి నర్సు చాలు. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడుతున్నవాళ్లకు ఇది ప్రతి జీపీ క్లినిక్‌లోనూ దొరకాలి. ఎండోస్కోపీ క్యూ తగ్గడానికి డబ్బూ మనుషులూ కూడా ఇవ్వాల్సిందే.