గడ్డి కాల్చేదీ మనమే, కొనేదీ మనమే

కోతమిషన్ వెళ్లిపోగానే వరి మడికి నిప్పు పెడతారు. ఏప్రిల్ వచ్చేసరికి అదే ఊళ్లో పాడి రైతు గడ్డి కోసం నాలుగు ఊళ్లు వెతుక్కుంటాడు. డెల్టా నుంచి రాయలసీమకు గడ్డి లారీలు పోవడం, కరువొస్తే పశుగ్రాస శిబిరాలు తెరవడం ఎప్పటి నుంచో చూస్తున్నదే. దీన్ని మేత కొరత అంటున్నారు. కొరత మేతకు కాదు, దాచుకునే ఏర్పాటుకు.

చేతికోత రోజుల్లో కుప్ప నూర్చాక గడ్డి వాముకెక్కేది. ఇప్పుడు మిషన్ దాన్ని మడి నిండా వెదజల్లి పోతోంది. బేలర్‌తో కట్టలు కట్టించాలంటే డబ్బు కావాలి, పెట్టుకోవడానికి చోటు కావాలి. రెండో పంటకు మడి ఖాళీ కావాలన్న టెన్షన్ ఒకటి. అగ్గిపుల్లకైతే ఖర్చు లేదు. రైతుకు జరిమానా వేస్తే ఈ లెక్క మారదు.

పచ్చిమేతను గుంతలో మాగబెట్టి దాచే పాతరగడ్డి (సైలేజ్) సంగతే చూడండి. మొక్కజొన్న గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో, మొక్కలో తేమ 65-70 శాతం ఉన్నప్పుడు కోసి, చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి, గుంతలో గాలి లేకుండా తొక్కించి కప్పేస్తే సుమారు 45 రోజుల్లో మాగుతుంది. పాలు తోడుకున్నట్టే ఇదీ పులుస్తుంది. ఆ పులుపే మేతను కాపాడుతుంది. గాలి చొరనంతవరకూ ఏడాది దాటినా చెడదు. ఎండు వరిగడ్డికీ ఉపాయముంది. అందులో మాంసకృత్తులు 3-4 శాతానికి మించవు. 100 కిలోల గడ్డిపై 4 కిలోల యూరియాను 50-60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, 21 రోజులు గాలాడకుండా మూసి ఉంచితే అవి దాదాపు రెట్టింపవుతాయి. కొలత తప్పితే మాత్రం పశువు ప్రాణానికే ముప్పు. చిన్న దూడలకు అసలు పెట్టకూడదు.

ఇవన్నీ పశువైద్యులు ఏళ్ల తరబడి చెబుతున్నవే. మరి ఊళ్లో ఎందుకు కనపడవు? రెండు గేదెలున్న ఇల్లు గుంత తవ్వి, ట్రాక్టర్ తెచ్చి తొక్కించగలదా? పాలకేంద్రం ఉన్న ప్రతి ఊరికీ ఒక ఉమ్మడి పాతర, ఒక గడ్డి షెడ్డు కావాలి. మేత ఖర్చు పాల బిల్లులో కోసుకోవచ్చు.

సైలేజ్ ఖరీదని, బూజు పడుతుందని, పశువు ముట్టదని అంటారు. బూజు భయం నిజమే, అందుకే తెలిసిన మనిషి చేతుల మీదుగా జరగాలి. రుచి కొద్దిరోజుల్లో అలవాటవుతుంది. ఖరీదంటారా, వేసవిలో కొనే గడ్డినీ తగ్గిన పాలనూ కలిపి లెక్కేయండి.

నిజానికి ఇది ఒక్క గడ్డి గొడవే కాదు. మదనపల్లె టమాటా రోడ్డు పాలవడానికీ, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరాక చాలాసార్లు వ్యాపారి లాభమవడానికీ కారణం రైతుకు సొంతంగా దాచుకునే ఏర్పాటు లేకపోవడమే. సరుకు ఆపుకోగలిగినవాడే ధర చెబుతాడు. మన ప్రభుత్వాలకు పంచడం ఇష్టం, ఎందుకంటే పంపిణీకి జెండా ఊపే కార్యక్రమం ఉంటుంది. ఊరి చివర షెడ్డుకు ఏముంటుంది? మే నెలలో లారీ కిరాయిలకు పోసే డబ్బు అక్టోబరులోనే పాలసంఘాల చేతికివ్వండి, కోతలు మొదలయ్యేలోపు.