మధ్యలో బ్యాంకులు పోతే కాగితాలూ పోతాయా?

దేశాల డిజిటల్ కరెన్సీలు, అంటే కేంద్ర బ్యాంకులే ఎలక్ట్రానిక్ రూపంలో ఇచ్చే డబ్బు, ఒకదానితో ఒకటి కలిస్తే విదేశీ చెల్లింపులు నిమిషాల్లో వచ్చేస్తాయని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూస్తాను. మా గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ బ్లాకులు చైనాకు పోతాయి, బిల్లు మాత్రం డాలర్లలో. అందుకే డబ్బు అమెరికాలోని మధ్యవర్తి బ్యాంకు మీదుగా రావాలి. ఒకసారి 25 డాలర్లు తగ్గి వచ్చాయి. ఎవరు కోశారో మా బ్యాంకువాళ్లకీ తెలీదు. ఓనర్‌కి వారం రోజులు సంజాయిషీ చెప్పుకున్నాను.

కాబట్టి మధ్యలో చేతులు తగ్గితే సంతోషమే. చైనా, హాంకాంగ్, థాయ్‌లాండ్, యూఏఈ కేంద్ర బ్యాంకులు తమ డిజిటల్ కరెన్సీలను నేరుగా కలిపే ఎంబ్రిడ్జ్ అనే ప్రాజెక్టులో ప్రయత్నించింది అదే. 2024లో సౌదీ కూడా చేరింది. అదే ఏడాది అక్టోబరులో అందులో భాగమైన బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ (కేంద్ర బ్యాంకుల ఉమ్మడి అంతర్జాతీయ సంస్థ) తప్పుకుంటున్నట్టు చెప్పింది. మన దేశం ఎంబ్రిడ్జ్‌లో లేదు. 2023 మార్చిలో యూఏఈ కేంద్ర బ్యాంకుతో మన రిజర్వు బ్యాంకు డిజిటల్ కరెన్సీల మీద విడిగా అవగాహన ఒప్పందం చేసుకుంది. గల్ఫ్‌లో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, అది ముందుకు సాగితే మేలు.

కానీ మాకు ఎక్కువ టెన్షన్ కాగితాల దగ్గరే. ఇన్‌వాయిస్‌లో కొనుగోలుదారు పేరు ఒక అక్షరం తేడా వస్తే చాలు, వచ్చిన డబ్బు కూడా ఆగిపోతుంది. రిజర్వు బ్యాంకు ఇచ్చే డిజిటల్ రూపాయికైనా ఆ తనిఖీలు తప్పవు. పైగా డాలరు వద్దంటే చైనావాడు ఏమిస్తాడు? వాళ్ల యువాన్ ఇస్తే వాటితో అక్కడి నుంచే రాయి కోసే డైమండ్ వైర్ కొంటాం సరే, మిగిలింది ఏం చేసుకోవాలి? కూలీలకు ఇవ్వలేం కదా!