నిమిషానికో స్క్రిప్టు నడిపినంత మాత్రాన సర్వరు ఆరోగ్యం తెలియదు

లినక్స్ సర్వరుకు వేరే పర్యవేక్షణ ఏదీ అక్కర్లేదనీ, ఫ్రీ మెమరీ, లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వేచి ఉన్న ప్రోగ్రాముల సగటు సంఖ్య), సీపీయూ వాడకం, డిస్కులో ఖాళీ చూసి ఒక ఫైలులో రాసే చిన్న షెల్ స్క్రిప్టును (కమాండ్ల వరుస ఉన్న ఫైలును) క్రాన్‌తో (నిర్ణీత సమయాల్లో పనులు మొదలుపెట్టే సాధనంతో) నిమిషానికొకసారి నడిపితే చాలనీ, దానివల్ల సర్వరుపై ఏ భారమూ పడదనీ ఒక సలహా విస్తృతంగా ప్రచారంలో ఉంది. స్క్రిప్టుతో సమాచారం సేకరించడంలో తప్పు లేదు. అది ఏ అంకెను తీసుకుంటోంది, ఎలా నడుస్తోంది, ఎక్కడ రాస్తోంది అన్న విషయాల్లోనే ఈ సలహా ప్రమాదకరంగా ఉంది.

మొదట ఫ్రీ మెమరీ. వాడకంలో లేని ర్యామ్‌ను కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) పేజీ క్యాష్‌కు, అంటే డిస్కులోని ఫైళ్ల భాగాలను మెమరీలో ఉంచుకోవడానికి, వాడుకుంటుంది కనుక, కొంతకాలంగా నడుస్తున్న సర్వరులో ఈ అంకె తక్కువగా ఉండడం సహజం. ప్రోగ్రాములకు నిజంగా ఎంత దొరుకుతుందో అంచనా కట్టే 'మెమ్ అవైలబుల్' 2014 నాటి 3.14 కెర్నల్ నుంచి, మెమరీ వివరాలు చూపే మెమ్‌ఇన్ఫో ఫైలులోనే ఉంది. దాన్ని వదిలేసిన స్క్రిప్టు అబద్ధపు హెచ్చరికలు పంపుతూ పోతుంది. వాటికి అలవాటుపడిన నిర్వాహకుడు నిజమైన హెచ్చరికనూ పట్టించుకోడు.

లోడ్ యావరేజ్ పెరిగితే సీపీయూ చాలడం లేదన్న నిర్ధారణ కూడా సరికాదు. లినక్స్‌లో ఆ అంకెలో సీపీయూపై నడుస్తున్న, దానికోసం వేచి ఉన్న ప్రాసెస్‌లతో (నడుస్తున్న ప్రోగ్రాములతో) పాటు, ఎక్కువగా డిస్కు వంటి వాటి కోసం అంతరాయం లేని నిద్రలో (మధ్యలో లేపడానికి వీలుకాని నిరీక్షణలో) ఉన్న ప్రాసెస్‌లూ కలుస్తాయి. ఆ తేడా తెలియాలంటే 2018లో 4.20 కెర్నల్‌తో వచ్చిన ప్రెషర్ ఫైళ్లను చదవాలి. సీపీయూ, మెమరీ, ఐఓల (డిస్కు వంటి వాటిలో చదవడం, రాయడం) కోసం ఎంత శాతం కాలం పని ఆగిందో అవి విడివిడిగా చెబుతాయి. ఇక సీపీయూ వాడకం కోసం వీఎంస్టాట్ కమాండును ఒక్కసారి పిలిచి మొదటి వరుసను రాసుకుంటే, దక్కేది సర్వరు బూట్ అయినప్పటి నుంచి ఉన్న సగటే తప్ప ఈ నిమిషపు లెక్క కాదు.

డిస్కు సంగతికొస్తే, ఖాళీ ఉన్నా ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలు దాచే నమోదులు) అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. రెండూ చూడాలి.

భారం పడదన్న మాటను మరింత గట్టిగా ఖండించాలి. క్రాన్ తాను ముందు మొదలుపెట్టిన స్క్రిప్టు ముగిసిందో లేదో చూడదు. సమయం కాగానే కొత్తదాన్ని మొదలుపెడుతుంది. స్క్రిప్టులో డిస్కు ఖాళీని చూసే డీఎఫ్ కమాండు స్పందించని ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌ను (నెట్‌వర్క్ ద్వారా జోడించిన మరో యంత్రపు ఫైళ్లను) తాకితే అక్కడే నిలిచిపోతుంది, మరుసటి నిమిషం ఇంకొకటి వచ్చి దాని పక్కన చేరుతుంది, గంట గడిచేసరికి అలాంటివి అరవై పోగవుతాయి. అవన్నీ అంతరాయం లేని నిద్రలోనే ఉంటాయి కనుక లోడ్ యావరేజ్ అరవై దాకా ఎగబాకుతుంది. కొలవడానికి పెట్టిన స్క్రిప్టే కొలతను పాడుచేస్తుంది. డీఎఫ్‌ను స్థానిక ఫైల్ వ్యవస్థలకే పరిమితం చేసి, స్క్రిప్టు ఒకటి నడుస్తుండగా మరొకటి మొదలుకాకుండా ఎఫ్‌లాక్ కమాండు వాడితే ఈ ముప్పు తప్పుతుంది. ఈ రెండు జాగ్రత్తలూ ఆ సలహాలో లేకపోవడం నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది.

చివరిది, ఆ వివరాలన్నీ అదే సర్వరులోని ఫైలులో దాచడం. డిస్కు నిండిన క్షణం నుంచి ఆ ఫైలులో కొత్త వరుస చేరదు, సర్వరు ఆగిపోతే రాసేవారే ఉండరు. అంటే సమాచారం అత్యవసరమైన సమయంలోనే అది దొరకదు. అందువల్ల ప్రతి కొలతను మరో యంత్రానికి పంపాలి, నిర్ణీత సమయంలో కొలత అందకపోతే హెచ్చరిక ఇచ్చే బాధ్యత ఆ రెండో యంత్రానిదే కావాలి.