గడీ దాటని దొరగారికి

దొరగారూ, దండాలు.

సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, హనుమకొండలో, మూడడుగుల గాజు తొట్టెలో ఎడమవైపు రాయి కింద కొలువున్న రాయల్ డాటీబ్యాక్ అనే ఉప్పునీటి చేప గారికి, వారం వారం తమరి నీళ్లు మార్చే మనిషి రాసుకుంటున్నది.

మిమ్మల్ని కావలికని తెచ్చాను. ఆ సంగతి మీకెవరూ చెప్పినట్టు లేదు.

ఒక రాత్రి పదకొండింటికి ఎర్ర టార్చి వేసి చూస్తే రాళ్ల సందుల్లోంచి బ్రిసిల్ వార్ములు, అంటే ఒంటినిండా సన్నముళ్లున్న సముద్రపు పురుగులు, తలలు బయటపెట్టి ఊగుతున్నాయి. "ఇవేం జెర్రులురా, నట్టింట్ల!" అంది అమ్మ. ఆమెకు ముందునుంచీ ఈ తొట్టె అంటే పడదు. లీటరుకు 35 గ్రాముల లెక్కన రెండు వందల లీటర్లకు ఏడు కిలోల ఉప్పు కలిపినప్పుడే, "మృగశిర నాడు వండుకుతినే చేపకు బతికుండంగనే ఉప్పు పెడుతున్నవ్" అని తేల్చేసింది. మర్నాడు ఉత్త చేత్తో రాయి జరిపాను. వేళ్ల నిండా సన్నటి ముళ్లు, దురదగొండి ఆకు రాసినట్టు మంట. టేపు అంటించి పీకుతూనే నిర్ణయించుకున్నాను: కావలివాణ్ణి పెట్టాల్సిందే.

హైదరాబాదులో ఒక షాపుకు పోయాను. ఎర్ర సముద్రపు ఆర్కిడ్ డాటీబ్యాక్ ఉంది, ఒళ్లంతా ఊదా, ఉన్నవాటిలో కాస్త నెమ్మదస్తుడు. నల్లటి ఒంటికి మొహం మీద నీలిగీతలున్న స్ప్రింగరీ అనే ఇంకో డాటీబ్యాక్ ఉంది, పురుగుల వేటలో పేరున్నవాడు. నేనేమో మీ రంగు చూశాను. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు, మధ్యలో కత్తితో కోసినట్టు. ధర కూడా తక్కువ. "ఏదైనా ఒకటే సార్, అన్నీ పురుగులు తింటయ్" అన్నాడు షాపాయన. కట్నం తక్కువడిగాడని అల్లుణ్ణి ఖాయం చేసుకున్నట్టయింది నా పని. అచ్చం మీలాగే ముస్తాబై, వీపు రెక్క మీద నల్లచుక్కతో రాయల్ గ్రామా అని ఒక కరీబియన్ పెద్దమనిషి కూడా పక్క తొట్టెలోనే ఉన్నాడు. ఆయన ఇంత దురుసు కాదని తర్వాత తెలిసింది.

మీరు పనిచెయ్యలేదని అనను, అబద్ధమవుతుంది. మూడోనాడు వేలెడంత పురుగును తోకపట్టి లాగి, రాయికేసి కొట్టి మింగారు. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. ఆ సంబరం వారం కూడా నిలవలేదు. కుబుసం విడిచి మెత్తగా ఉన్న నా చిన్న పెప్పర్‌మింట్ రొయ్య తెల్లారేసరికి రెండు మీసాలు మాత్రమే మిగిల్చి పోయింది. ఆ తర్వాత ఫైర్‌ఫిష్ అనే ఒక చిన్న చేపను వదిలాను. మీ ఎడమ రాయి సరే, కుడి రాయి దగ్గరా దాన్ని నిలవనివ్వలేదు. మూత సందులోంచి బయటికి దూకింది. స్టాండు వెనక దొరికేసరికి ఎండుచేప. అమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

మిమ్మల్ని అందరికన్నా చివర దింపాలట. నేను రెండో చేపగానే దింపాను. ముందొచ్చినవాడిదే గడీ, తర్వాత వచ్చినవాళ్లంతా మీ వాకిట్లో నిలబడాల్సినవాళ్లే.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి దొరా. ఆ పురుగులు ఎవరి సొమ్మూ తినలేదు. నేను పొద్దున రెండు చిటికెలు, సాయంత్రం రెండు చిటికెలు, చుట్టాలొస్తే చూపించడానికి ఇంకో చిటికెడు వేసిన మేతలో అడుగున కుళ్లేదే వాటి తిండి. జీతం లేకుండా రాత్రిపూట పాచిపని చేసేవాళ్ల మీదికి మిమ్మల్ని ఉసిగొల్పాను. ఇప్పుడు మేత తగ్గించాను, పురుగులూ తగ్గాయి. తగ్గనిది మీరొక్కరే.

రాళ్లన్నీ పీకితే తప్ప మీరు వల్లో పడరు. అందుకే రాత్రి సీసా మూతి కోసి తిరగేసి, రొయ్యముక్క పెట్టి బోనులా దింపాను. తెల్లారి చూస్తే క్లౌన్ ఫిష్ లోపల ఇరుక్కుని ఉంది. మీరు రాయి కింద నుంచి సగం ఊదా మొహం బయటపెట్టి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు.

ఈ రాత్రి మళ్లీ సీసా పెడతాను. రొయ్యముక్క కొంచెం పెద్దదే పెడతాను.

ఇట్లు,
తమరి గడీలో జీతగాడు