సవరణ: 'మైసెల్ఫ్' అని మొదలుపెట్టకండి

ఇంటర్వ్యూలో పరిచయం గురించి మొన్న రాసినప్పుడు 'మైసెల్ఫ్ ఫలానా' అని నమూనా ఇచ్చాను. అది తప్పు. 'ఐ యామ్ ఫలానా' అనో, 'మై నేమ్ ఈజ్ ఫలానా' అనో చెప్పాలి. డిగ్రీ అయిపోయినవాళ్లు 'పర్స్యూయింగ్' అనకండి, ఇంకా చదువుతున్నారనే అర్థం వస్తుంది.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి. నాన్నగారి ఉద్యోగం, అన్నదమ్ముల వివరాలు చెప్పమన్నాను. అడిగితే తప్ప అవి వద్దు. ఆ సమయం ప్రాజెక్టుకివ్వండి. ఊరికే 'ప్రాజెక్టు చేశాను' అని వదిలేయకుండా, 'నలుగురం కలిసి కాలేజీ లైబ్రరీకి యాప్ చేశాం, డేటాబేస్ పనంతా నాది' అని చెప్పండి. తర్వాతి ప్రశ్న చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది. మీకు తెలిసిన విషయమే కాబట్టి టెన్షన్ కూడా తగ్గుతుంది.

పాత నమూనా బట్టీ పట్టినవాళ్లు దయచేసి ఈరోజే మార్చుకోండి. క్షమించండి.