అర్జీలూ, అభ్యంతరాలూ

వెంకట్రావు: దండాలయ్యాయా? దేవుడికి ఈ పూట ఎన్ని అర్జీలు?

కామేశ్వరి: నాలుగే. ఒకటి మీ మోకాలిది. వద్దంటే వెనక్కి తీసుకుంటా.

వెంకట్రావు: దాన్ని ఉండనీ. మిగతా మూడూ చెల్లవు. గీత రెండో అధ్యాయం, 47వ శ్లోకం: పని మీదే అధికారం, ఫలం మీద కాదు. నువ్వు ఫలంతోనే మొదలెడతావు. అది రాకపోతే దేవుడి మీద అలుగుతావు, లేదా నాదే ఏదో పాపమని కుమిలిపోతావు. నమ్మకం దెబ్బతినేది అక్కడే.

కామేశ్వరి: నాస్తికుడికి శ్లోకం నంబరు కూడా గుర్తే! మరి మీరో? విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, అందులో మన బతుకెంత అని సోఫాలో జారబడతారు. చిన్నవాళ్లం కాబట్టి బతుక్కి అర్థం లేదంటే, ఆకాశమంత పెరిగితే వచ్చేస్తుందా? సోఫా విరుగుతుంది.

వెంకట్రావు: ...సరే, పరిమాణం సంగతి వదిలేద్దాం. నువ్వు నమ్మేదెందుకు?

కామేశ్వరి: ఉంటే గట్టెక్కుతాం, లేకపోతే పోయేదేముంది?

వెంకట్రావు: పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ కాసిన పందెమే! దానికో చిల్లుంది. ఏ దేవుడి మీద కాయాలో చెప్పదు. ఒకరి మీద కాస్తే ఇంకొకరికి కోపమొస్తే?

కామేశ్వరి: అందుకే అందరికీ పెడతా దండం.

వెంకట్రావు: అది భక్తి కాదే, బీమా!

కామేశ్వరి: పోనీ, వేదంలో చెప్పిన కర్మలే ముఖ్యమన్న పూర్వమీమాంస వాళ్లు? సృష్టికర్త అక్కర్లేదన్నారు. యజ్ఞాలు మాత్రం మానలేదు.

వెంకట్రావు: అబ్బ! మావాళ్లే!

కామేశ్వరి: మీవాళ్లయితే తెల్లవారకముందే లేచేవాళ్లు కాదు.

వెంకట్రావు: వెటకారం చాలు. వియన్నా వైద్యుడు ఫ్రాంకల్, నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాడు, అర్థానికి మూడు దారులు చెప్పాడు. ఏదైనా పని చెయ్యడం, ఒకర్నో ఒకదాన్నో ప్రేమించడం, తప్పని బాధ ఎదురైతే దాన్ని ఎలా భరించాలో మనమే తేల్చుకోవడం. మూడింటికీ ఆస్తికుడై ఉండాలన్న షరతు లేదు.

కామేశ్వరి: నాస్తికుడై ఉండాలనీ లేదుగా. ఇంతకీ బాధల్లో ఏది పడితే అది భరించమన్నాడా?

వెంకట్రావు: ఛఛ! తప్పించుకోలేనిదే. తప్పించగలిగితే ముందు దాని కారణం తీసెయ్యాలన్నాడు.

కామేశ్వరి: వంటింట్లో కుళాయి కారుతోంది. అదే రకం?

వెంకట్రావు: ...వాషరు అరిగుంటుంది.

కామేశ్వరి: మార్చండి. విప్పేముందు మెయిన్ వాల్వు కట్టెయ్యండి. పోయినసారి మీ హేతువాదం వంటిల్లంతా పారింది.