సవరణ: బ్రేక్ ప్యాడ్ మీద ‘హెచ్‌హెచ్’ అంటే మన్నిక కాదు

పోయిన వారం బైక్ బ్రేక్ ప్యాడ్ల గురించి రాస్తూ, వెనక రేకు మీద ‘హెచ్‌హెచ్’ అని ఉంటే ఎక్కువ కాలం మన్నుతాయన్నాను. అది తప్పు. పుత్లీబౌలిలో స్పేర్ పార్టులు అమ్మే ఒక పెద్దాయన చెప్పాక, ప్యాడ్ల కంపెనీల క్యాటలాగుల్లోనూ చూసుకున్నాను. ఆ అక్షరాలు చెప్పేది ఘర్షణ గుణకం, అంటే ప్యాడ్ చక్రం డిస్కును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కినప్పుడు. ‘జి’ అంటే 0.45 నుంచి 0.55, ‘హెచ్’ అంటే 0.55 పైన. అరుగుదల సంగతి వాటిలో ఉండదు.

ఇంకోటి. అప్పుడే సింటర్డ్ రకం ప్యాడ్లు వానలో బాగా పట్టుకుంటాయనీ రాశాను. నా మాట నమ్మి అవి కొన్నవాళ్లు బిగించే ముందు బండి మాన్యువల్ చూడండి. అవి లోహపు పొడితో చేసినవి, వాటికి తగని డిస్కును త్వరగా అరగదీస్తాయి. డిస్కు ప్యాడ్ల ధరకు రాదు మరి! వానలో పట్టు గురించి చెప్పిన మాట మాత్రం సరైనదే.